పాత ఫ్లాపీలతో కుస్తీ – మూడో పాఠం: అమిగా చేత పీసీ ఫ్లాపీ చదివించడం

పోయిన పాఠంలో డ్రైవు హెడ్డు శుభ్రం చేశాం. ఇవాళ పీసీలో ఉన్న ఒక ఫైలును అమిగాలోకి, అంటే కొమొడోర్ కంపెనీ పాత కంప్యూటర్‌లోకి, దాటిద్దాం. దీనికి విండోస్ ఎక్స్‌పీ పీసీ ఒకటి, వర్క్‌బెంచ్ (అమిగాకి విండోస్ లాంటిది) 2.1 గానీ ఆ పైది గానీ ఉన్న అమిగా ఒకటి కావాలి. 1.3తో ఉన్నవాళ్లు కొంచెం ఓపిక పట్టండి, మీకు సీరియల్ కేబుల్ పాఠం వేరే ఉంది.

రెండింటిదీ అదే మూడున్నర అంగుళాల ఫ్లాపీ, అవే రెండు వైపులు, వైపుకి 80 ట్రాకులు (గుండ్రటి వరుసలు). డబుల్ డెన్సిటీ ఫ్లాపీ మీద పీసీ ఒక్కో ట్రాకులో 9 సెక్టార్లు (ముక్కలు) రాస్తుంది, మొత్తం 720 కేబీ. సెక్టారుకీ సెక్టారుకీ మధ్య ఖాళీ వదులుతుంది కాబట్టి ఒక్క సెక్టారునే చెరిపి మళ్ళీ రాయగలదు. అమిగా అలా కాదు, ట్రాకు మొత్తం ఏకబిగిన రాసేస్తుంది. ఆ ఖాళీలతో పని లేదు గనక 11 సెక్టార్లు పట్టించి 880 కేబీ లాగుతుంది. పీసీలోని కంట్రోలర్ చిప్పు తనకు తెలిసిన గుర్తుల కోసమే వెతుకుతుంది, అవి కనపడకపోతే చేతులెత్తేస్తుంది. అమిగాలోని పౌలా చిప్పు మాత్రం వచ్చిన బిట్లను వచ్చినట్టే మెమరీలో పడేస్తుంది, అర్థం చెప్పుకునే పని సాఫ్ట్‌వేర్‌ది. అందుకే ఈ బేరంలో దుబాసీ అమిగాయే. పీసీకి అమిగా భాష నేర్పాలని చూడకండి.

ముందు ఫ్లాపీ సంగతి. డబుల్ డెన్సిటీవి దొరికితే అదృష్టం. 1.44 ఎంబీదే ఉంటే, బిళ్ళ జరిగే చిల్లు కాకుండా దానికి ఎదురుగా ఉన్న రెండో చిల్లును టేపుతో మూసేయండి, డ్రైవు దాన్ని డబుల్ డెన్సిటీ అనుకుంటుంది. నేను మొదటిసారి పారదర్శకమైన టేపు అంటించి ఒక సాయంత్రమంతా తలబాదుకున్నాను. నా డ్రైవు ఆ చిల్లును కాంతితో చూసే రకమట! వెలుతురు దాటని పల్చటి టేపు వాడండి. ఇలా మూసిన ఫ్లాపీ రవాణాకే, దాచుకోవడానికి పనికిరాదు.

ఇప్పుడు పీసీలో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఫోనులో చెప్పినట్టు చెబుతాను: ఫార్మాట్, స్పేస్, ఏ కోలన్, స్పేస్, స్లాష్ టీ కోలన్ 80, స్పేస్, స్లాష్ ఎన్ కోలన్ 9. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులు చాలావరకు ఇక్కడే మొరాయిస్తాయి. పీసీ లోపల బిగించిన పాత డ్రైవే నయం.

ఫైలును ఎల్‌హెచ్‌ఏ మూటగా (జిప్ లాంటిదే) కట్టి ఎక్కించండి. పీసీ ఫ్లాపీ మీద అమిగాకి కనపడే పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతే. అమిగా ఐకాన్ ఫైళ్ల పేరుకుండే తోక 'ఇన్ఫో'కి ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు, చివరిది తెగిపోయి ఐకానే కనపడదు. మూటలో ఉంటే పేర్లు భద్రం. అమిగాలో విప్పే ప్రోగ్రాం లేకపోతే, దానంతటదే విప్పుకునే 'రన్' ఫైలుగా దొరికే ఎల్‌హెచ్‌ఏని ముందు మూట కట్టకుండా దాటించండి.

అమిగాలో స్టోరేజ్ డ్రాయర్‌లో డాస్‌డ్రైవర్స్ తెరిచి పీసీ0 మీద రెండుసార్లు నొక్కండి. అదే క్రాస్‌డాస్, అమిగా చేత పీసీ ఫ్లాపీ చదివించే సాఫ్ట్‌వేర్. ఫ్లాపీ పెట్టగానే రెండు ఐకాన్లు వస్తాయి: ఒకటి మీ పీసీ ఫ్లాపీ, రెండోది డీఎఫ్0 (అమిగా తన ఫ్లాపీ డ్రైవును పిలిచే పేరు) పక్కన ప్రశ్నార్థకాలతో. ఆ రెండోదాన్ని చూసి కంగారుపడి ఫార్మాట్ కొట్టారో, పడ్డ కష్టమంతా గంగపాలు. మూటను ర్యామ్ డిస్క్‌లోకి (మెమరీలోనే ఉండే డిస్కు) లాగి అక్కడ విప్పండి. క్రాస్‌డాస్‌లో టెక్స్ట్ ఫిల్టర్ (ఉత్తరాల్లాంటి ఫైళ్లను ఒక యంత్రం పద్ధతి నుంచి మరో దానికి మార్చేది) ఆపి ఉందో లేదో ముందే చూసుకోండి. అది నడుస్తుంటే మూటలోని బైట్లను కూడా అక్షరాలనుకుని దిద్దేస్తుంది.

ఏడీఎఫ్ ఫైలు (ఒక అమిగా ఫ్లాపీ మొత్తానికి నకలు) దాటించబోయి చోటు చాలలేదంటే తప్పు మీది కాదు. దాని బరువు 9,01,120 బైట్లు, ఈ ఫ్లాపీలో ఖాళీ 7,30,112. మూట కడితే చాలాసార్లు సరిపోతుంది, లేకుంటే రెండు ముక్కలు చేయాలి.

ఇంటిపని: అమిగాలో నాలుగు వరుసల ఉత్తరం టైపు చేసి, ఫిల్టర్ ఆపే ఉంచి, పీసీ0లోకి పంపండి. ఎక్స్‌పీ నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నాలుగూ ఒకే వరుసై, మధ్యలో చిన్న డబ్బాలు కనపడతాయి. వచ్చే పాఠం ఆ డబ్బాల దగ్గర మొదలుపెడదాం.