పీబీటీ వాడాలా వద్దా? ముందు వేడినీళ్ల సంగతి తేల్చుకోండి

ఫలానా పార్టుకి పీబీటీ అనే ప్లాస్టిక్ సరిపోతుందా అని ఎవరైనా అడిగితే, డేటాషీట్ తెరవకముందే నేను ఒక్క ప్రశ్న వేస్తాను. ఆ పార్టు వేడినీళ్లలోనో, వేడి ఆవిరిలోనో రోజుల తరబడి ఉండాల్సి వస్తుందా? వస్తుందంటే మామూలు పీబీటీ గ్రేడ్లను (రకాలను) పక్కన పెట్టేసి వేరే ప్లాస్టిక్ చూసుకోండి. రాదంటే మాత్రం కనెక్టర్లు, రిలే కవర్లు, సెన్సర్ హౌసింగ్‌లు, స్విచ్ బాడీలు, చిన్న మోటార్ల లోపలి భాగాలు, ఇలాంటి వాటికి దీనంత నిలకడగా పనిచేసే ప్లాస్టిక్కులు తక్కువే. నీళ్ల ప్రశ్న అడగకుండా బలం, ధర, రంగు మాట్లాడుకుని గ్రేడ్ ఖాయం చేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే ఆ తప్పు బయటపడేది పార్టు వాడకంలోకి వెళ్లాక, ఏడాదికో రెండేళ్లకో.

పీబీటీ అంటే పాలీబ్యూటిలీన్ టెరెఫ్తలేట్. నీళ్ల సీసాలు చేసే పెట్‌కి ఇది దగ్గరి చుట్టం. పెట్‌లో టెరెఫ్తాలిక్ ఆమ్లానికి ఎథిలీన్ గ్లైకాల్ జత అయితే, ఇందులో 1,4-బ్యూటేన్‌డయాల్ జత. అంటే రెండు కార్బన్ల ముక్క ఉండే చోట నాలుగు కార్బన్ల ముక్క ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడానే, కానీ దానివల్ల గొలుసు కాస్త సులువుగా వంగుతుంది, కరిగిన ప్లాస్టిక్ మౌల్డ్‌లో చల్లబడుతుండగానే స్ఫటికాలు చకచకా కట్టుకుంటాయి. పెట్ అలా కాదు, నెమ్మది. దాన్ని ఇంజక్షన్ మౌల్డింగ్‌లో (కరిగించి అచ్చులోకి నొక్కే పద్ధతిలో) సరిగ్గా గట్టిపడేలా చేయాలంటే మౌల్డ్‌ని 130 డిగ్రీల పైన ఉంచాలి. పీబీటీకి 60 నుంచి 80 డిగ్రీలు చాలు, పార్టు త్వరగా గట్టిపడి బయటికి వచ్చేస్తుంది. పెట్‌ని 1941లోనే కనిపెట్టినా, మౌల్డింగ్ మార్కెట్లోకి 1970 ప్రాంతంలో వచ్చిన పీబీటీ అక్కడ నిలదొక్కుకోవడానికి ఈ వేగం పెద్ద కారణం. వాలాక్స్, అల్ట్రాడ్యూర్, క్రాస్టిన్, పోకాన్, సెలానెక్స్, ఈ పేర్లు ఎక్కడైనా కనిపిస్తే లోపల ఉన్నది ఎక్కువగా పీబీటీయే లేదా దాని మిశ్రమమే.

ఇక వేడి. డేటాషీట్‌లో కరిగే ఉష్ణోగ్రత సుమారు 225 డిగ్రీలని చూసి, అయితే 180 దాకా ధీమాగా వాడొచ్చు అనుకుంటారు చాలామంది. అక్కడే దెబ్బ తింటారు. పీబీటీలో స్ఫటికాలు కొంత భాగమే, మిగతాది క్రమం లేకుండా చిక్కుపడి ఉండే భాగం, అది 50 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. అందుకే గ్లాస్ ఫైబర్ కలపని పీబీటీని 1.8 మెగాపాస్కల్ ఒత్తిడిలో పరీక్షిస్తే 60 డిగ్రీలు అటూ ఇటూ ఉండగానే వంగిపోతుంది. అదే ప్లాస్టిక్‌లో 30 శాతం గ్లాస్ ఫైబర్ కలిపితే ఆ అంకె 200 దాటుతుంది, ఎందుకంటే మెత్తబడిన భాగాన్ని స్ఫటికాలూ ఫైబర్లూ కలిసి పట్టి ఉంచుతాయి. దృఢత్వం కూడా 2.5 గిగాపాస్కల్ నుంచి 9, 10 దాకా వెళ్తుంది. అలాగని ఆ 10 అన్నిచోట్లా ఉంటుందనుకోవద్దు, అది 23 డిగ్రీల దగ్గరి లెక్క. 100 డిగ్రీలకి వెళ్లేసరికి దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి సప్లయర్‌ని అడగాల్సింది ఒక్క అంకె కాదు, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ దృఢత్వం ఎలా తగ్గుతుందో చూపించే గ్రాఫ్. మీ పార్టు పనిచేసే ఉష్ణోగ్రత దగ్గర ఆ గీత ఎక్కడుందో చూసి, ఆ అంకెతోనే డిజైన్ లెక్కలు వేసుకోండి.

ఇంకోటి, బోర్డు మీద పెట్టి రీఫ్లో సోల్డరింగ్‌కి (ఓవెన్‌లో వేడిచేసి సోల్డర్ కరిగించడానికి) పంపే కనెక్టర్ అయితే పీబీటీ వద్దు. సీసం లేని సోల్డర్‌కి ఓవెన్ 240 నుంచి 260 డిగ్రీల దాకా వెళ్తుంది, ఇది 225కే కరిగిపోతుంది. అక్కడ ఎల్‌సీపీ, పీపీఎస్, హైటెంపరేచర్ నైలాన్ లాంటి, ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే ప్లాస్టిక్కులు చూసుకోవాలి.

నైలానా, పీబీటీనా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. నైలాన్ 66 గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మామూలు గది తేమలో 2.5 శాతం, నీళ్లలో నానబెడితే 8.5 శాతం దాకా. పీబీటీ గదిలో పీల్చేది 0.2 శాతం అంతే. అందుకే పిన్నుల మధ్య దూరం కచ్చితంగా ఉండాల్సిన చోట, వానాకాలం ఎండాకాలం తేడా లేకుండా కొలతలూ విద్యుత్ నిరోధకతా మారకూడని చోట నేను పీబీటీనే ఎంచుకుంటాను. కానీ పదేపదే వంచి తీసే క్లిప్పులుంటే నైలాన్ వైపే మొగ్గుతాను. తేమ పీల్చుకున్న నైలాన్ సాగి ఊరుకుంటుంది, పీబీటీ అంత సాగదు, మూల పదునుగా ఉంటే అక్కణ్నుంచే పగులుతుంది. పీబీటీతో డిజైన్ చేసేటప్పుడు లోపలి మూలలకి గోడ మందంలో కనీసం సగమైనా గుండ్రం ఇవ్వండి. నేను చూసిన పగుళ్లలో చాలావరకు ఈ ఒక్క జాగ్రత్తతో పోయేవే.

తేమ తక్కువ పీలుస్తుంది కదా, మరి వేడినీళ్లంటే భయమెందుకు? ఇక్కడే చాలామంది పొరబడతారు. పీల్చుకునే నీళ్లు తక్కువే, కానీ ఆ కొంచెం నీళ్లే వేడి తోడైతే గొలుసుని కోసేస్తాయి. పాలియెస్టర్ తయారయ్యేటప్పుడు ఆమ్లం, ఆల్కహాల్ కలిసి నీళ్లు బయటికి పోతాయి, మళ్లీ నీళ్లూ వేడీ ఇస్తే అదే చర్య వెనక్కి నడుస్తుంది. తెగిన ప్రతి చోటా ఒక ఆమ్లపు కొస మిగులుతుంది, అది మిగతా చోట్ల తెగడాన్ని ఇంకా వేగం చేస్తుంది. అందుకే మొదట్లో ఏమీ కాదు, తర్వాత ఒక్కసారిగా పెళుసెక్కిపోతుంది. చల్లని నీళ్లతో ఇబ్బంది లేదు, 60 డిగ్రీలు దాటిన నీళ్లలో ఎప్పుడూ ఉండే పార్టుకి మాత్రం వద్దు. వాహనం ఇంజిన్ దగ్గర కనెక్టర్లలాగా వేడీ తేమా రెండూ ఉన్నా నీళ్లలో మునగని చోట, హైడ్రాలిసిస్ (నీళ్ల వల్ల గొలుసు తెగడం) తట్టుకునే గ్రేడ్లని ప్రత్యేకంగా అమ్ముతారు, వాటిలో ఆ ఆమ్లపు కొసలని మూసేసే పదార్థాలు కలుపుతారు. అలాంటి గ్రేడ్ అడిగేటప్పుడు 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 1000 గంటల తర్వాత బలం ఎంత మిగిలిందో చూపించమనండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు.

ఇదే రసాయన చర్య ప్లాస్టిక్‌ని కరిగించే మెషీన్ బ్యారెల్ లోపల ఇంకా వేగంగా జరుగుతుంది. అక్కడ 240 నుంచి 270 డిగ్రీల వేడి, తేమ ఉన్న గుళికలు వేస్తే నిమిషాల్లో గొలుసులు తెగిపోతాయి. నాకు ఇది అనుభవంతో తెలిసింది. ఒకసారి కనెక్టర్ హౌసింగ్‌లు ఒక లాట్ మొత్తం చూడ్డానికి అద్దంలా మెరుస్తూ వచ్చాయి, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, తీరా టెర్మినల్స్ నొక్కి కూర్చోబెడుతుంటే టపటపా పగిలిపోయాయి. రెండు రోజులు మౌల్డ్‌ని అనుమానించాం, గ్రేడ్‌ని అనుమానించాం. చివరికి చూస్తే గుళికలు ఆరబెట్టే డ్రయ్యర్ మీటర్ 120 డిగ్రీలే చూపిస్తోంది, కానీ తేమ పీల్చే పదార్థం పాతబడిపోయి లోపలికి వెళ్తున్నది తడిగాలి. నైలాన్ అయితే పార్టు మీద వెండి చారలు కనిపించి హెచ్చరిస్తుంది, పీబీటీ చాలాసార్లు ఏ గుర్తూ చూపించకుండానే లోపల పాడైపోతుంది. అప్పటినుంచి నా పద్ధతి ఇది: 120 డిగ్రీల దగ్గర 4 గంటలు ఆరబెట్టడం, తేమ 0.02 శాతం దగ్గరికి దిగిందో లేదో కొలవడం, డ్రయ్యర్ గాలి డ్యూ పాయింట్ (గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే ఉష్ణోగ్రత) మైనస్ 30 డిగ్రీల కంటే కింద ఉందో లేదో చూసుకోవడం. వాటికి తోడు గుళికల మెల్ట్ ఫ్లో (కరిగినప్పుడు ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె), పార్టుని ముక్కలు చేసి ఆరబెట్టాక దాని మెల్ట్ ఫ్లో పక్కపక్కన పెట్టి చూస్తాను. పార్టు అంకె బాగా పెరిగితే గొలుసులు తెగినట్టే, ఆ లాట్ ఎంత అందంగా ఉన్నా పంపొద్దు.

గ్లాస్ కలిపిన గ్రేడ్ అనగానే వంకర సమస్య వెంటే వస్తుంది. ప్లాస్టిక్ ప్రవహించిన దిశలో ఫైబర్లు పడుకుంటాయి, ఆ దిశలో కుంచించుకోవడం 0.3 శాతం దగ్గర ఉంటే అడ్డంగా 1 శాతం దాకా ఉంటుంది. పలచని పెట్టెలూ పొడవైన మూతలూ అరటి ఆకులా మెలిదిరగడానికి కారణం ఇదే. పొడవైన పార్టుకి గేట్‌ని (ప్లాస్టిక్ అచ్చులోకి వచ్చే దారిని) మధ్యలో కాకుండా ఒక కొసన పెట్టి చూడండి, గోడల మందం ఒకేలా ఉంచండి. అప్పటికీ లొంగకపోతే గ్లాస్ పూసలూ మినరలూ కలిపిన గ్రేడ్, లేదా ఏఎస్ఏ అనే ప్లాస్టిక్‌తో కలిపిన తక్కువ వంకర గ్రేడ్ తీసుకోండి. పీసీతో (పాలీకార్బొనేట్‌తో) కలిపిన పీబీటీ కూడా ఉంది, దెబ్బని బాగా తట్టుకుంటుంది, అయితే పెట్రోలూ సాల్వెంట్లూ తగిలే చోట శుద్ధ పీబీటీ అంత నిశ్చింత ఉండదు. సైకిల్ టైమ్ తగ్గిద్దామని మౌల్డ్‌ని మరీ చల్లగా నడిపితే స్ఫటికాలు పూర్తిగా కట్టవు, తర్వాత వేడి తగిలిన రోజున పార్టు మళ్లీ కుంచించుకుంటుంది.

రసాయనాల విషయం చిన్నదే. నూనెలు, గ్రీజు, పెట్రోలు, ఆల్కహాల్, పలచని ఆమ్లాలు మామూలు ఉష్ణోగ్రతలో ఏమీ చేయవు. కాస్టిక్ లాంటి గట్టి క్షారాలు మాత్రం తినేస్తాయి, కాబట్టి క్షారపు క్లీనర్లతో కడిగే పార్టులకి వద్దు. ఎండలో ఉండేదైతే నలుపు గ్రేడ్ తీసుకోండి.

మంటని ఆపే గ్రేడ్ ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూడాలి. యూఎల్ 94 వీ-0 (మంట త్వరగా ఆరిపోతుందని చెప్పే పరీక్ష రేటింగ్) అన్న మాట ఎప్పుడూ ఒక మందంతో ముడిపడి ఉంటుంది, 1.5 మిల్లీమీటర్ల దగ్గర వీ-0 వచ్చిన గ్రేడ్‌కి 0.4 దగ్గర రాకపోవచ్చు, మీ పార్టులో అతి పలచని గోడ ఎంతో దానికే ఆ గ్రేడ్ యూఎల్ కార్డులో వీ-0 ఉందా అని వెతకండి. రెండోది సీటీఐ, అంటే తడీ దుమ్మూ పడ్డ ఉపరితలం మీద కరెంటు దారి చేసుకోకుండా ఎన్ని వోల్టులు తట్టుకుంటుందన్నది. మామూలు పీబీటీ ఇందులో చాలా గట్టిది, 600 వోల్టుల దాకా వస్తుంది, కానీ బ్రోమిన్, ఆంటిమొనీ కలిపిన గ్రేడ్లలో ఆ అంకె బాగా పడిపోతుంది. పిన్నులు దగ్గరదగ్గరగా ఉండి ఓల్టేజ్ ఎక్కువైతే హాలోజెన్ లేని గ్రేడ్ల సీటీఐ కూడా అడిగి పోల్చుకోండి.

ఇవన్నీ తేలాక రెండు గ్రేడ్లకి మించి ట్రయల్‌కి తీసుకోకండి. ట్రయల్ పార్టుల్లో సగం వెంటనే కొలవండి, మిగతా సగాన్ని మీ పార్టు చూడబోయే అత్యధిక వేడిలో ఒక రాత్రి ఉంచి, పొద్దున చల్లారాక మళ్లీ కొలిచి, నాలుగైదింటిని కావాలని విరగ్గొట్టి, పగులు ఏ మూల నుంచి మొదలైందో చూడండి. డ్రాయింగ్ మార్చాల్సి వస్తే మొదట ఆ మూలనే మార్చండి.