రీమ్యాప్ చేశాక బండి నిజంగా లాగుతోందా? తేల్చుకునే పద్ధతి

చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ తోలే బండికి రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్‌లోని మ్యాపు, అంటే సెట్టింగులు, మార్చడం) లాంటి ఏ మార్పు చేయించినా మొదట వినపడే మాట "పికప్ పెరిగింది" అని. అది సరిపోదు. పెడల్ బాక్స్ (యాక్సిలరేటరు సంకేతాన్ని పెంచే చిన్న పెట్టె) బిగిస్తే కొంచెం తొక్కినా ఎక్కువ తొక్కినట్టు సంకేతం పోతుంది, ఇంజను బలం మాత్రం పాతదే.

ముందు లోపాలు తీసెయ్యాలి. ఎయిర్ ఫిల్టరు మార్చి, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) గొట్టాల్లోకి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించి, క్లాంపుల చుట్టూ సబ్బునీళ్లు పూయండి. బుడగలు లేస్తే లీకే. క్లాంపు బిగింపూ రీమ్యాపూ ఒకేరోజు చేయిస్తే ఫలితం దేనిదో తెలీదు.

తర్వాత కొలత. మార్పుకు ముందు, తర్వాత అదే డ్రైవరు, అదే దారి, కాటా చీటీలో అదే బరువు, టైర్లలో అదే గాలి ఉండాలి. ఒకే బంకులో ట్యాంకు నిండా కొట్టించి లెక్కేయండి. నింపడంలో 5 లీటర్ల తేడా వస్తే 100 లీటర్ల మీద అది 5 శాతం తప్పు, 400 మీద శాతం పైచిలుకే. అందుకే ఒక్క ట్రిప్పుతో మైలేజీ తేల్చొద్దు. టైర్లు మారిస్తే మీటరు కిలోమీటర్లూ మారతాయి, జీపీఎస్‌తో సరిచూడాలి.

బలానికైతే లోడుతో, చదును రోడ్డు మీద, ఒకే గేరులో 40 నుంచి 60 స్పీడుకు ఎన్ని సెకన్లో చూడండి. సముద్రపు గాలి ప్రభావం పోవాలంటే రెండు దిక్కులా కొలిచి సగటు తీయాలి.

సెకన్లు తగ్గినా నల్లపొగ పెరిగితే డీజిల్ పూర్తిగా మండట్లేదు. ఆ మ్యాపు వెంటనే తీయించండి.