చెత్త రేట్ల పెంపు నోటీసు చదవడం ఎలా: కాలిఫోర్నియా నగరాల లెక్క

కాలిఫోర్నియాలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు అప్పుడప్పుడు నగర పాలక సంస్థ నుంచి చెత్త రేట్ల పెంపు నోటీసు వస్తుంది. ప్రకటనల కాగితాల్లో కలిసిపోయి అది చాలా ఇళ్లలో చదవకుండానే రీసైక్లింగ్ నీలం బిన్‌లో పడుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని, పెంపు ఎంత శాతమన్నది కాక, ఏ ఖర్చు వల్ల పెరిగిందన్నది ముందు వెతకండి.

ఇక్కడ చాలా నగరాలు చెత్త సేకరణను ఒకే కంపెనీకి దీర్ఘకాలిక ఫ్రాంచైజ్ ఒప్పందం ద్వారా అప్పగిస్తాయి. పోటీ ఉండదు కనుక రేటును ఒప్పందంలోని సూత్రమే నిర్ణయిస్తుంది. ఆ సూత్రం సాధారణంగా రెండు రకాలు. మొదటి దానిలో ధరల సూచీ ఎంత పెరిగితే రేటు అంత పెరుగుతుంది. కొన్ని ఒప్పందాలు సాధారణ వినియోగ ధరల సూచీకి బదులు చెత్త సేకరణకు ప్రత్యేకించిన సూచీని వాడతాయి. దేశంలో ఊరూరా వసూలు చేసే చెత్త రేట్లతోనే ఆ సూచీ తయారవుతుంది కనుక, ఒకచోటి పెంపు మరోచోటి పెంపుకు ఆధారమవుతుంది. ఇది నాకు సబబుగా తోచదు.

రెండో దానిలో కంపెనీ ఖాతాలను పరిశీలించి, అనుమతించిన ఖర్చును ఆపరేటింగ్ నిష్పత్తితో, అంటే రాబడిలో ఖర్చుకు ఉండాల్సిన వాటాతో, భాగిస్తారు. ఉదాహరణకు డ్రైవర్ల జీతాలు, లారీలు, ఇంధనం కలిపి 90 లక్షల డాలర్లు, నిష్పత్తి 90 శాతం అనుకుంటే, రాబడి కోటి డాలర్లు రావాలి. లాభం రాబడిలో 10 శాతమే అయినా ఖర్చు మీద 11 శాతం దాటుతుంది. పైగా ఖర్చు పెరిగిన కొద్దీ లాభమూ పెరుగుతుంది. అందుకే డంపింగ్ యార్డుకు కట్టే టిప్పింగ్ ఫీజు, నగరానికి చెల్లించే ఫ్రాంచైజ్ ఫీజు వంటివాటిని లాభం కలపకుండా యథాతథంగా రేటులో చేర్చారా అని అడగడం అవసరం. ఫ్రాంచైజ్ ఫీజు చివరకు మన బిల్లులోంచే నగర ఖజానాకు చేరుతుంది. ఓక్లాండ్‌లో అలాంటి ఫీజుపై నడిచిన వ్యాజ్యం 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

తోట, ఆహార వ్యర్థాలు వేసే ఆకుపచ్చ బిన్ ఖర్చు కూడా చూడండి. ఎస్‌బీ 1383 అనే రాష్ట్ర చట్టం కింద 2022 జనవరి నుంచి ఆహార వ్యర్థాలనూ వేరుగా సేకరించాల్సి రావడంతో లారీల, కంపోస్టింగ్ ఖర్చులు పెరిగాయి. ఇక 64 గ్యాలన్ల బిన్‌కు 32 గ్యాలన్ల బిన్ రేటుకు రెట్టింపు లేకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు, ఏ బిన్ అయినా లారీ మీ గుమ్మం ముందు ఆగక తప్పదు.

అభ్యంతరం ఉంటే 1996లో రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ, ప్రతిపాదన 218, దారి చూపుతుంది. దాన్ని పాటించే నగరాలు నోటీసు పంపిన 45 రోజులకు తక్కువ కాకుండా బహిరంగ విచారణ జరపాలి. సగానికి మించిన స్థలాల నుంచి లిఖితపూర్వక అభ్యంతరాలు అందితే పెంపు ఆగిపోతుంది. స్థలానికి ఒక్క అభ్యంతరమే లెక్కలోకి వస్తుంది. సభలో నోటితో చెప్పింది ఆ లెక్కలోకి రాదు. చిరునామా లేదా పార్సెల్ నంబరు (పన్ను రికార్డుల్లో మీ స్థలానికి ఉండే సంఖ్య) రాసి, సంతకం చేసి, విచారణ ముగిసేలోపు సిటీ క్లర్క్‌కు అందేలా నోటీసులో చెప్పిన పద్ధతిలోనే పంపండి.