జావాలో బైట్ స్ట్రీమ్‌లతో ఫైల్‌ను చదివి రాయడం ఎలా?

ఒక ఫైల్‌లోని బైట్లను చదివి మరో ఫైల్‌లో రాయడం పది వరుసల పని. అమీర్‌పేటలో ఏళ్ల తరబడి జావా పాఠాలు చెబుతున్న నాకు, ఆ పది వరుసల్లో ప్రతి బ్యాచ్ వారూ ఒకే చోట బోల్తా పడటం చూసి విసుగొచ్చింది.

కావలసినవి జేడీకే (జావా ప్రోగ్రామ్‌లు రాసి నడిపే కిట్) 7 లేదా ఆ తరువాతి వెర్షన్ (చివరి దశకు మాత్రం 12 లేదా ఆ తరువాతిది), ఏదో ఒక ఎడిటర్, రెండు నమూనా ఫైళ్లు. ఒకటి తెలుగు వచనం, రెండోది ఫోన్‌తో తీసిన జేపెగ్ ఫొటో. ఫొటో లేకుండా పని మొదలుపెట్టవద్దు.

మొదటి దశ స్ట్రీమ్‌లను, అంటే బైట్లు ఒకదాని వెంట ఒకటి పారే దారులను, తెరవడం. చదవడానికి ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్, రాయడానికి ఫైల్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ క్లాసులను వాడాలి. రెండింటినీ ట్రై పక్కనున్న కుండలీకరణాల్లోనే సృష్టించాలి. 2011లో జావా 7తో వచ్చిన ఈ పద్ధతిలో, మధ్యలో ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా తలెత్తే లోపం) వచ్చినా స్ట్రీమ్‌లు వాటంతటవే మూసుకుంటాయి. ఫైనల్లీ బ్లాక్‌లో క్లోజ్ రాసి, దాని చుట్టూ మళ్లీ ఇంకో ట్రై పెట్టిన ప్రోగ్రామ్‌ను నేను దిద్దను, తిప్పి పంపుతాను. అవుట్‌పుట్ స్ట్రీమ్‌ను తెరవగానే ఆ పేరుతో ఉన్న పాత ఫైల్ ఖాళీ అయిపోతుంది. పాతదాని చివర చేర్చాలంటే స్ట్రీమ్‌ను సృష్టించే కన్‌స్ట్రక్టర్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇవ్వాలి.

రెండో దశ చదవడం. ఇక్కడ నెమ్మదించాలి.

రీడ్ మెథడ్ పిలిచిన ప్రతిసారీ ఒక బైట్‌ను ఇస్తుంది గానీ, దాన్ని బైట్ రకంగా కాక ఇంట్‌గా, అంటే ఇంకా పెద్ద పూర్ణాంకాలు పట్టే రకంగా, ఇస్తుంది. ఒక బైట్‌లో 0 నుంచి 255 వరకు 256 విలువలకు చోటుంది. ఫైల్ అయిపోయిందని చెప్పడానికి వాటిలో లేని మరో విలువ కావాలి, అదే -1. అది వచ్చేదాకా ఒక లూప్‌లో చదువుతూ, చదివినదాన్ని రాస్తూ పోవాలి. జావాలోని బైట్ రకం -128 నుంచి 127 వరకే పడుతుంది కనుక, 255ను అందులోకి కుదిస్తే అది -1 అయి కూర్చుంటుంది.

జరిగేది ఇది. చదివిన విలువకు విద్యార్థి బైట్ రకం వేరియబుల్ పెడతాడు, విలువ నష్టపోవచ్చని కంపైలర్ అభ్యంతరం చెబుతుంది, అతడు ఆలోచించకుండా ముందు ఒక క్యాస్ట్ (విలువ రకాన్ని బలవంతంగా మార్చే గుర్తు) తగిలిస్తాడు, కంపైలర్ ఊరుకుంటుంది. ఆపై లూప్, మొదటి 255 ఎదురైన చోటే ఫైల్ ముగిసిందనుకొని ఆగిపోతుంది. అక్షరాల కోసమున్న క్యార్ రకంలో వేసుకుంటే ఇంకా ఘోరం: -1 కాస్తా 65535గా మారి, లూప్ ఎప్పటికీ ఆగక డిస్క్ నిండేదాకా 255లే రాస్తూ పోతుంది.

ఈ తప్పు బయటపడకపోవడానికి కారణం మన పరీక్ష ఫైలే. యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) వచనంలో 255 అనే బైట్ ఎక్కడా రాదు. అందులో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘అ’ అంటే 224, 176, 133. అందువల్ల ఎన్ని పేజీల తెలుగైనా చక్కగా కాపీ అవుతుంది. జేపెగ్‌కు మాత్రం మొదటి బైటే 255, రెండోది 216. ఒకమ్మాయి చార్మినార్ ఫొటోను కాపీ చేస్తే కొత్త ఫైల్ 0 బైట్లని చూపింది. లోపం ఫోన్‌దనుకొని గంటసేపు కేబుల్ మార్చి మార్చి చూసింది. వేరియబుల్‌ను ఇంట్‌గా మార్చి, క్యాస్ట్ తీసేయగానే ఫొటో తెరుచుకుంది.

ఇంత గొడవ ఎందుకని ఫైల్‌రీడర్‌ను ఆశ్రయించేవారూ ఉన్నారు. అది అక్షరాల కోసం పుట్టింది. యూటీఎఫ్-8లో ఫొటోను దానితో చదివితే, అర్థంకాని బైట్ల స్థానంలో ఒక ప్రత్యామ్నాయ అక్షరం చేరి, రాసేటప్పుడు అది మూడు బైట్లవుతుంది. ఫైల్ ఉబ్బుతుంది, ఫొటో మాత్రం పోతుంది.

మూడో దశ బఫర్, అంటే బైట్లను గుంపుగా పట్టే తాత్కాలిక చోటు. ఒక్కో బైట్ చొప్పున చదివితే పెద్ద ఫైళ్లకు పొద్దుపోతుంది కాబట్టి 8192 బైట్ల అరే (ఒకే రకం విలువల వరుస) తీసుకోండి. వేరే సంఖ్య వద్దు. అరే ఇచ్చి పిలిచినప్పుడు రీడ్ ఎన్ని బైట్లు చదివిందో చెబుతుంది, రాసేటప్పుడు సరిగ్గా అన్నే రాయాలి. 20,000 బైట్ల ఫైల్‌లో రెండు నిండు విడతల తరువాత మిగిలేది 3,616 మాత్రమే. అప్పుడు అరే మొత్తాన్ని రాస్తే, వెనకటి విడతలో మిగిలిపోయిన 4,576 పాత బైట్లు కొత్త ఫైల్ తోకకు అతుక్కుంటాయి. జావా 9లో వచ్చిన ట్రాన్స్‌ఫర్‌టూ ఇదంతా ఒక్క వరుసలో చేస్తుంది నిజమే, కానీ ఈ లూప్‌ను ఒకసారైనా చేత్తో రాయనివారిని నేను దాన్ని ముట్టుకోనివ్వను.

చివరిది సరిచూడడం. ఫొటో తెరుచుకుంటే చాలదు, తోకలో చెత్త ఉన్నా ఫొటో తెరుచుకుంటుంది. ముందు పరిమాణాలు పోల్చండి, తరువాత జావా 12 నుంచి ఫైల్స్ క్లాసులో ఉన్న మిస్‌మ్యాచ్ మెథడ్‌కు రెండు ఫైళ్ల పాత్‌లనూ ఇవ్వండి. మొదటి తేడా ఏ స్థానంలో ఉందో అది చెబుతుంది. తేడా లేకపోతే ఇచ్చేది మళ్లీ -1.