వార్త రాసిన చేత్తో హాస్యకథ – 3వ పాఠం: నవ్వును ఎక్కడ దాచాలి?

కిందటి పాఠంలో మీ పాత నోట్‌బుక్కుల్లోంచి పత్రికకు పనికిరాని ముక్కలు ఏరి పెట్టుకోమన్నాను. ఈసారి అలాంటి ముక్కనొకదాన్ని కథగా మారుద్దాం.

నాది ఒడిశాలోని బరంపురం. ఇచ్ఛాపురం దాటాక ఇటువైపు జరిగే సంగతుల్ని ఏళ్ల తరబడి ఒక తెలుగు పత్రికకు పంపాను. మొదటిసారి హాస్యకథ రాసి ఓ వారపత్రిక సంపాదకుడికిస్తే, చదివి, "బాగుంది, జిల్లా పేజీలో వేయించమంటారా?" అన్నాడు. ఒళ్లు మండింది కానీ ఆయన అన్నది నిజమే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారు అన్నీ మొదటి వాక్యంలోనే కక్కేశాను. వార్తకు అదే పద్ధతి. ముఖ్యమైనది పైన ఉంటుంది, చోటు చాలకపోతే పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కువాళ్లు కింది నుంచి కోసేస్తారు. హాస్యకథను అలా కోస్తే ముందు పోయేది నవ్వే.

నా ముక్క ఇది. వార్తగా రాస్తే:

"హైదరాబాద్ హాస్టల్లో ఇస్త్రీపెట్టెపై అప్పడం కాల్చిన బరంపురం యువకుడు, చొక్కాకు ఇంగువ వాసన పట్టడంతో ఇంటర్వ్యూలో ఇబ్బందిపడ్డాడు."

నవ్వొచ్చిందా? రాదు. ఇప్పుడిలా చూడండి.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన సంచి విప్పగానే రాజు ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏటమ్మా, మళ్లీ అప్పడాలేనా? ఇక్కడ పొయ్యి ఉండదని చెప్పాను కదా!"

"ఈసారి ఇంగువ బాగా వేయించాను. ఎలాగోలా కాల్చుకు తిను నాయనా."

పక్క మంచం మీది ఒడియా కుర్రాడు తల ఎత్తి, "కణ హెలా (ఏమైంది)?" అన్నాడు. రాజు ఇస్త్రీపెట్టె వైపు చూశాడు.

మర్నాడు పదింటికి ఇంటర్వ్యూ. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, టై కట్టుకున్నాడు. ఏసీ గదిలో మేనేజరు కాగితాలు తిరగేస్తూ రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు. కళ్లద్దాలు తీశాడు. అప్పటిదాకా ఇంగ్లీషులో మాట్లాడినవాడు మెల్లగా తెలుగులో అడిగాడు: "అమ్మగారు బాగున్నారా?"

ఇంగువ మాట ఒక్కసారే వచ్చింది, అదీ తల్లి నోట. అప్పడం కాల్చిన సన్నివేశం అసలు రాయలేదు. మేనేజరుది ఏ ఊరో కూడా చెప్పలేదు. విలేకరి చెయ్యి ఇక్కడ ఊరుకోదు, "చొక్కాకు వాసన అంటుకున్నట్లు తెలిసింది" అని ఒక ముక్క తగిలించమంటుంది. నాకిప్పటికీ ఆ దురద ఉంది. రాయండి, తర్వాత కొట్టేయండి.

వాక్యంలోనూ ఇదే పని చేయొచ్చు. తెలుగులో క్రియ చివర వస్తుంది, అది మనకు దొరికిన అదృష్టం. "మూడు నెలల అద్దె, రెండు నెలల కరెంటు బిల్లు, ఒక పుట్టినరోజు కేకు ఖర్చు, అన్నీ పైసాతో సహా లెక్కగట్టి, కాగితం మీద రాసి, రాజు ఎగ్గొట్టాడు." ఇచ్చాడో ఎగ్గొట్టాడో చివరి మాట దాకా తెలియదు. "రాజు బాకీ ఎగ్గొట్టాడు" అని మొదలెడితే ఆ కేకు వృథా.

ఇక సంభాషణలు. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం ఎంత వాదించారో మనకు తెలుసు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ ఊరూ బరంపురమూ ఇటే వచ్చాయి. అందుకే మన పిల్లలు అమ్మతో "ఏటి" అంటారు, గదిలో ఒడియా మాట్లాడతారు, ఆటోవాడితో హిందీ. డెస్కు అలవాటుతో "ఏటి"ని "ఏమిటి"గా దిద్దారంటే కుర్రాడు బరంపురం వదిలేసినట్టే. అలాగని ప్రతి వాక్యంలోనూ యాస కుక్కితే వెక్కిరింపులా ఉంటుంది, ఒకటి రెండు మాటలు చాలు.

అభ్యాసం: మీ నోట్‌బుక్కులోంచి నగరంలో ఉద్యోగం వెతుక్కునే కుర్రాడిదో అమ్మాయిదో ఒక చిన్న సంఘటన తీసుకుని 150 మాటల్లో రాయండి. "తెలిపారు", "చోటుచేసుకుంది" ఒక్కసారి కూడా రాకూడదు. రాశాక ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వాళ్లు నవ్విన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ గీత తర్వాత ఇంకా ఎన్ని వాక్యాలు రాశారో లెక్కపెట్టి ఉంచుకోండి, 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.