ఆన్‌లైన్ పరిచయం డబ్బుల దాకా రాకముందే చూసుకోవాల్సినవి

భీమవరం వైపు రొయ్యల పట్టుబడి అయిందంటే చాలు, కాటా మీద ట్రేల ఫొటో, దాని వెనకాలే కొత్త బండి ఫొటో ఫేస్‌బుక్‌లో పడిపోతాయి. కోనసీమలో అయితే కువైట్ నుంచి దిగిన అన్నయ్య ఎయిర్‌పోర్ట్ ఫొటో. ముందు ఆ పోస్టులు ఎవరెవరికి కనిపిస్తున్నాయో చూసి, 'పబ్లిక్' అని ఉంటే 'ఫ్రెండ్స్'కి మార్చండి. ముక్కూ మొహం తెలియని అమ్మాయి వచ్చి పలకరించిందంటే, మీ చేతిలో డబ్బులున్నాయని ఆ ఫొటోలే చెప్పి ఉండొచ్చు.

ఆవిడ ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. వేరే పేరుతో దొరికితే బ్లాక్ చేయండి. దొరకలేదని నమ్మేయకండి, ఏఐతో మనుషుల ఫొటోలు తయారవుతున్న రోజులివి. వీడియో కాల్‌లో బట్టలు తీయమంటే వెంటనే కట్ చేయాలి, అది రికార్డు చేసి మీ వాళ్లకి పంపుతామని బెదిరిస్తారు, ఒకసారి కడితే మళ్లీ అడుగుతారు.

డబ్బు నేరుగా అడుగుతారనుకోకండి. నెలంతా "తిన్నావా" అని అడిగాక, మా మావయ్య ట్రేడింగ్ చేస్తాడు, నువ్వూ పెట్టు అంటూ ఒక యాప్ లింకు వస్తుంది. అందులో లాభం కనిపిస్తుంది, మొదట్లో కొంచెం వెనక్కి కూడా వస్తుంది, పెద్ద మొత్తం పెట్టాక మాత్రం, అది వెనక్కి తీసుకోవాలంటే ట్యాక్స్ కట్టమంటారు. నీకు పంపిన గిఫ్టు కస్టమ్స్‌లో ఆగింది, డబ్బు కట్టు అన్నా ఇదే బాపతు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, డబ్బు వస్తుందంటూ పిన్ కొట్టమన్నారంటే మీ డబ్బు పోతున్నట్టే.

ముక్కూ మొహం తెలియనివాళ్లు లైవ్ వీడియోలో కబుర్లు చెప్పే లైవ్ యాప్‌లు వేరే రకం, అక్కడ మోసం ఉండాలనేం లేదు, ఆయ్, అది వ్యాపారం. డబ్బుతో యాప్ కాయిన్లు కొని గులాబీ బొమ్మ గిఫ్టుగా పంపితే మీ పేరు పలుకుతారు, అందులో యాప్ తన వాటా తీసుకుని మిగిలింది అవతలివాళ్లకి ఇస్తుంది. చాలామందికి అది ఉద్యోగంలాంటిది, వాళ్లని తప్పు పట్టను. సరదాకే అయితే సినిమా టికెట్‌కి పెట్టినంతే పెట్టండి. కాయిన్ల లెక్కలో ఖర్చు తెలియదు కాబట్టి ప్లే స్టోర్‌లో కొనుగోళ్ల హిస్టరీ తీసి రూపాయల్లో కూడండి, సేవ్ చేసిన కార్డు తీసేయండి, ఆటోపే ఉంటే ఆపండి.

డబ్బు పోయిందా, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఇంట్లో తెలుస్తుందని టెన్షన్ పడి ఆగితే ఈలోగా ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. యూటీఆర్ నంబరు, అంటే డబ్బు పంపినప్పుడు ఆ లావాదేవీకి వచ్చే నంబరు, దగ్గర పెట్టుకోండి, కోపంలో చాట్ మాత్రం డిలీట్ చేయకండి, ఫిర్యాదుకి అది కావాలి.