బిగుతైన మౌంటెన్ బైక్ టైరును రిమ్ముకు ఎక్కించడం ఎలా?

మౌంటెన్ బైక్‌కు కొత్త టైరు వేస్తుంటే ముప్పాతిక వంతు చేత్తోనే ఎక్కేస్తుంది. చివరి జానెడు దగ్గరే మొరాయిస్తుంది. చాలామంది అక్కడే బలమంతా పెట్టి, ఆఖరికి స్క్రూడ్రైవర్ దూర్చి ట్యూబుకు చిల్లి పెట్టుకుంటారు. అసలు చిక్కు ఆ జానెడులో లేదు, చక్రానికి అవతలి వైపు ఉంది.

టైరు తీసేసి రిమ్మును ఒకసారి చూడండి. అంచుల పక్కన టైరు కూర్చునే గట్టు, నడుమ లోతుగా ఒక గాడి ఉంటాయి. టైరు అంచులోని గట్టి వలయాన్ని బీడ్ అంటారు. అది స్టీలు తీగదైనా, మడతపెట్టే టైర్లలోని కెవ్లార్ అనే గట్టి నారదైనా సాగదు. అవతల బీడ్ గాడిలోకి దిగితేనే ఇవతల కొన్ని మిల్లీమీటర్ల వదులు దొరుకుతుంది. మనకు కావాల్సింది ఆ కాస్తే.

ముందు సైజు చూసుకోండి. టైరు పక్కన 57-584 లాంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది బీడ్ కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. మౌంటెన్ బైకుల్లో 26 అంగుళాలకు 559, 27.5కు 584, 29కి 622. ఈ రెండో అంకె రిమ్ముతో కలవకపోతే ఎంత కుస్తీ పట్టినా దండగే. బాణం గుర్తుంటే తిరిగే దిశ కూడా ఇప్పుడే చూసుకోండి.

టైరును కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడుతుంది. ఒక వైపు బీడ్ ఎక్కించి, గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టిన ట్యూబును లోపల సర్దండి. రెండో బీడ్‌ను వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. వాల్వు దగ్గర ట్యూబు మొదలు అడ్డుపడి బీడ్ గాడిలోకి సరిగా దిగదు. ముందే అక్కడ ఎక్కించేస్తే ఆ వదులు పోయినట్టే.

బిగుసుకోగానే ఆగి, ట్యూబులో గాలి మొత్తం తీసేయండి. వాల్వుకు ఎదురువైపు నుంచి టైరును రెండు చేతులతో నొక్కి, రెండు బీడ్‌లనూ గాడి మధ్యకు తోస్తూ, ఆ వదులును రెండు పక్కలా వాల్వు వైపు లాక్కురండి. పంక్చర్ షాపులో లివర్ (టైరు అంచును ఎత్తే చిన్న పనిముట్టు) ముట్టకుండా అరచేత్తో ఎక్కించేవాళ్లు చేసేది ఇదే. ఎక్కించిన బీడ్ మళ్లీ జారి వస్తుంటే అక్కడ టైరునూ రిమ్మునూ కలిపి బెల్టుతో కట్టేయండి. మిగిలిన చోట సబ్బునీళ్లు రాయండి. నూనె, గ్రీజు వద్దు, రబ్బరు పాడవుతుంది. అరచేతి మడమతో కొంచెం కొంచెంగా అంచు మీదికి దొర్లించండి.

అప్పటికీ రాకపోతే ప్లాస్టిక్ లివర్ వాడండి, అదీ ఒక్కోసారి రెండు మూడు సెంటీమీటర్లే. లోతుగా దూర్చితే ట్యూబు నలుగుతుంది.

ఎక్కాక వాల్వును లోపలికి ఒక నొక్కు నొక్కి వదలండి. చుట్టూ ఎక్కడా బీడ్ కింద ట్యూబు ఇరుక్కోలేదని చూశాకే గాలి కొట్టండి. టైరు పక్కనున్న సన్నటి గీత రిమ్ము నుంచి అంతటా ఒకే దూరంలో ఉండాలి. ఎక్కడైనా లోపలికి పోతే గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ కొట్టండి. టైరు మీద, రిమ్ము మీద రాసిన గరిష్ఠ ప్రెషర్లలో తక్కువదాన్ని మాత్రం దాటొద్దు.

ట్యూబ్‌లెస్ (ట్యూబు లేకుండా వాడే) రిమ్ములకైతే, గాలి పోకుండా గాడిలో అంటించే టేపు మీద ఓ కన్నేయండి. రెండు మూడు చుట్లు వేస్తే గాడి లోతు తగ్గి టైరు మరింత బిగుస్తుంది. సరైన వెడల్పున్న పలచటి టేపు సాఫీగా అంటుకుంటే సాధారణంగా ఒక చుట్టు చాలు.